దివాను గారి షుగరు

మృగశిర కార్తె, మొదటి వారం

ఈ ఉదయం మా దివానుకు షుగరని తేలింది. ఏడో గాదెలో ఎలుకల శాఖ మొత్తం దివాను ఒక్కడే కనుక ఇది ఉద్యోగ సంబంధమైన విషయం. అందుకే గాదె కాపరి దినచర్యలోనే రాస్తున్నాను. ఎవరికైనా అభ్యంతరముంటే పడవేసుకుని వచ్చి నా మొహం మీదే చెప్పవచ్చు. ఇంతవరకు ఎవరూ రాలేదు, రారు కూడా.

దివాను పిల్లి. చామంతి రంగు ఒళ్ళు, తెల్లటి పొట్ట. కాటా పక్కన ధాన్యం బస్తా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, వచ్చే పడవలన్నీ వాడికే లెక్క చెప్పుకోవాలన్నట్టు చూస్తాడు. ఆ చూపుకే ఆ పేరు వచ్చింది. కొద్ది రోజులుగా నీళ్ళ తొట్టి దగ్గరే కాపురం పెట్టాడు. తిండి ఇదివరకటి కన్నా ఎక్కువే తింటున్నాడు, ఒళ్ళు మాత్రం కరిగిపోతోంది. వెనక కాళ్ళను మడమల దాకా నేలకు ఆనించి నడుస్తున్నాడు. వయసు మీద పడిందన్నారు పడవల వాళ్ళు. వయసు మీద పడితే ఇన్ని నీళ్ళెందుకు తాగుతాడయ్యా అన్నాను. చెవి అంచున పొడిచి, చుక్క రక్తం చిన్న గొట్టంలో పట్టి, తూనీగ అని మేం పిలిచే ఎగిరే యంత్రం కాళ్ళకు కట్టి ఒడ్డుకు పంపాను. గాలి బాగుంటే తూనీగ గంటలో ఎగురుకుంటూ ఒడ్డు చేరుతుంది. బాగోకపోతే రెక్కలు విరిగి సముద్రంలో పడుతుంది, అప్పుడు ఇంకొకటి కావాలని రేడియోలో బతిమాలుకోవాలి. ఈసారి చేరింది. పశువుల డాక్టరు జుబేదా గారు పొద్దున్నే రేడియోలోకి వచ్చారు.

"సత్యవేణి గారూ, మీ దివానుకు షుగరండి. మూడు వందల డెబ్భై ఉంది."

"ఎంతుండాలి?"

"నూటికి కాస్త అటూ ఇటూ."

"తగ్గిస్తాను," అన్నాను.

ఆవిడ నవ్వారు. నేను నవ్వులాటకు అనలేదు. ఈ గాదెలో తేమ పెరిగితే తగ్గించాను, పురుగు పడితే తగ్గించాను, తేలే గాదెకు లంగరైన పాత సెల్ టవరు ఒక పక్కకు ఒరిగితే కొత్త గొలుసు వేయించి నిలబెట్టాను. షుగరొక లెక్కా?

ఎలుకలను పట్టే యంత్రాలు మా అమ్మ కాలం నుంచీ వస్తూనే ఉన్నాయి. ఉప్పుగాలికి యంత్రాలన్నీ తుప్పు పట్టాయి, ఎలుకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఈదుకుంటూ వస్తాయి, గొలుసు పట్టుకుని ఎక్కుతాయి. కింద మునిగిన ఊళ్ళ వాళ్ళంతా ఇప్పుడు తేలే మడుల మీద వరి పండించుకుని మా గాదెలోనే దాచుకుంటారు. అది ఎలుకల పాలు కాకుండా ఉందంటే దివాను చలవే. వాడు ఉండాలి. నాకూ వాడు ఉండాలి, అది కూడా రాసేస్తున్నాను.

మృగశిర కార్తె, చివరి రోజులు

మందూ, సిరంజిలూ, మెడపట్టీ వచ్చాయి. మెడపట్టీ లోపల వెంట్రుకంత సూది ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అది తనంతట తనే గుచ్చి, షుగరెంతో పైకి చెబుతుంది. ఊరికే మాటిమాటికీ మీట నొక్కితే సూది అరిగిపోతుందట, అవసరమైతే తప్ప నొక్కవద్దన్నారు. చెప్పే గొంతు అచ్చం వాతావరణ వార్తలు చదివే ఆడమనిషి గొంతులా ఉంది. "మూడు వందల యాభై ఎనిమిది" అని గాదంతా వినపడేలా చెప్పింది. కాటా దగ్గర పనిచేసే ఇమ్మానుయేలు బాబాయి ఉలిక్కిపడి తూకంరాయి కాలిమీద వేసుకున్నాడు.

జుబేదా గారు చెప్పినవి మూడు. ముందు తిండి, తిన్నాకే సూది. పస్తు కడుపున ఎప్పుడూ వెయ్యకూడదు. షుగరు ఎక్కువుంటే నెమ్మదిగా చెరుపు చేస్తుంది, బాగా పడిపోతే మాత్రం అప్పటికప్పుడు ప్రాణం తీస్తుంది కనుక బెల్లం పాకం ఎప్పుడూ చేతికందేలా ఉంచాలి. అది నోట్లో పొయ్యకూడదు, చిగుళ్ళకు రాయాలి. సీసాలో పాకం పోసి కాటా స్తంభానికి కట్టేశాను.

మొదటి సూది ఈ సాయంత్రం వేశాను, ఒక యూనిట్. మెడ వెనక చర్మం పైకెత్తి గుచ్చితే, దివాను గారు చేపముక్క నములుతూ తలైనా తిప్పలేదు. చుట్టూ పడవల వాళ్ళు నిలబడి నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒక్క పోటుకే పని అయిపోయింది. అంతకుముందు ధాన్యం బస్తా మీద బోలెడంత సాధన చేశాను, అది వేరే సంగతి.

తరువాత రేవు మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేలా చెప్పాను, రేపటి నుంచి పిల్లిబిచ్చం బంద్ అని.

ఈ బిచ్చం సంగతి రాయాలి. వెనకటికి ఒడ్డున పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టనివాడని తిట్టేవారట. ఇక్కడ అది తిట్టు కాదు, కట్టుబాటు. ఏ పడవైనా బస్తా దించే ముందు గాదె పిల్లికి తన పడవలో వండిన దాంట్లోంచి ఒక ముద్ద పెట్టాలి. పాలన్నం ముద్ద, పైన ఎండురొయ్యల పొడి. పెట్టకపోతే ధాన్యం ముక్కిపోతుందనీ, పడవ గట్టు చేరదనీ నమ్మకం. ఏళ్ళ తరబడి రోజూ ఏడెనిమిది ముద్దలు తిన్న ఫలితమే వాడి షుగరేమోనని నా అనుమానం. ఆ మాటే చెప్పాను. సరంగు నూకయ్య అందరికన్నా ముందు తలూపాడు.

"ఆయ్, అలాగేనక్కా. దివానుగోరి పేణం కన్నా ఎక్కువా?"

మిగతా సరంగులూ ఆయ్ అన్నారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. నేను చెబితే అలాగే ఉంటుంది.

ఆరుద్ర కార్తె

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. కురిసింది బాగానే. మడుల మీద నారు పచ్చబడింది, గాదె కప్పు మీది సౌరపలకల ఉప్పంతా కడుక్కుపోయింది, నాకో పని తప్పింది. షుగరు మాత్రం తగ్గలేదు. మూడు వందల ముప్పై, మూడు వందల నలభై, ఒకరోజు మూడు వందల పది. ఆ మూడు వందల పదికే నేను పండగ చేసుకుని ఇమ్మానుయేలు బాబాయికి గారెలు వండి పెట్టాను. సాయంత్రానికి మళ్ళీ మూడు వందల అరవై. మిగిలిన గారెలు చేపలకు వేశాను.

డాక్టరమ్మ మోతాదు రెండు యూనిట్లు చేశారు. వాడి చేప నేనే తూస్తున్నాను, నేనే ఉడికిస్తున్నాను, గిన్నె నేనే కడుగుతున్నాను. ఇంకొకరి చెయ్యి పడనివ్వడం లేదు. మెడపట్టీ పలకకముందే మెలకువ వస్తోంది. అది పలికేదాకా కాఫీ గొంతు దిగదు, పలికాక అసలే దిగదు. నిన్న ఒక పడవ తూకంలో బస్తా తేడా వస్తే ఆ సరంగుని నిలబెట్టి కడిగేశాను. తీరా చూస్తే లెక్క తప్పింది నేనే. తూకం రాసే చోట షుగరు రాసుకున్నాను.

"అమ్మాయ్," అన్నాడు ఇమ్మానుయేలు బాబాయి. "ఆ పిల్లికి రోజుకి రెండు సూదులే. నువ్వు మాకు పూటకి పది పొడుత్తన్నావు."

నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఆయనకే చూపించాను.

పునర్వసు కార్తె

మూడు యూనిట్లు. మెడపట్టీ అదే పాట పాడుతోంది. ఇవాళ రేడియోలో జుబేదా గారు సూటిగా అడిగారు.

"ఇంకెవరైనా ఏమైనా పెడుతున్నారేమో చూశారా?"

"డాక్టరమ్మా, నా గాదెలో నాకు తెలియకుండా చీమ కూడా నోరు తెరవదు."

"కాదనడం లేదండి. రెండు రోజులు గదిలో పెట్టి తాళం వేసి చూడండి. మోతాదు ఇలా పెంచుకుంటూ పోవడం నాకు నచ్చడం లేదు."

"పోయిన పంట ధాన్యం ఇంకా దిగుతోంది. రెండు రోజులు వాడిని తాళంలో పెడితే ఎలుకలు పెళ్ళి చేసుకుని పిల్లల్ని కంటాయి. పిల్లిబిచ్చం ఎప్పుడో మానిపించాను. నా మాట మీద నమ్మకం లేకపోతే చెప్పండి."

మీ ఇష్టమండి అన్నారావిడ. నా దగ్గరొక సిద్ధాంతం ఉంది, అదీ చెప్పాను. ఎలుకలు ధాన్యం తిని ఒళ్ళంతా పిండి చేసుకున్నాయి, ఆ ఎలుకలను తిని వీడికి షుగరెక్కుతోంది. ఆవిడ చాలాసేపు నవ్వి, ఎలుక వల్ల ఏ పిల్లికీ షుగరు రాలేదండి అన్నారు. ఈ గాదె ఎలుకలను ఆవిడ చూడలేదు.

పుష్యమి కార్తె

నాలుగు. ఆ తరువాత ఐదు. ఇంతకు మించి వెయ్యవద్దని జుబేదా గారు ఖచ్చితంగా చెప్పారు. ఇక మీదట కూడా దిగకపోతే దివానును ఒడ్డుకు పంపాలట, అక్కడ ఉంచి చూస్తారట. తూనీగ వాడిని మొయ్యలేదు, పడవలో పంపాలి. ఈ వయసులో, ఈ నీరసంలో వాడు అలల మీద అంత దూరం తట్టుకుంటాడా అని అడిగితే చెప్పలేనండి అన్నారావిడ.

సాయంత్రం గట్టున కూర్చున్నాను. దివాను వచ్చి ఒళ్ళో పడుకున్నాడు. వెన్నెముక చేతికి గుచ్చుకుంటోంది. ఇదివరకు ఒళ్ళో కూర్చుంటే తొడ తిమ్మిరెక్కేది, ఇప్పుడు వాడున్నాడో లేదో చూసుకోవాల్సి వస్తోంది. నాకు భయంగా ఉంది. ఎవరితోనూ అనలేదు. అడిగిన వాళ్ళందరికీ తగ్గుతోందనే చెబుతున్నాను. తగ్గిస్తానని మాట ఇచ్చింది నేనే కదా.

ఆశ్లేష కార్తె, గంగమ్మ మూడునాళ్ళలో మొదటి రోజు

చేతులు కడుక్కున్నా బెల్లం జిగురు పోలేదు. అయినా రాయాలి.

గంగమ్మ మూడునాళ్ళు వచ్చాయంటే ఈ నీళ్ళలో పడవ కదలదు. సరంగులంతా మడుల మీదే ఉండి తల్లికి నైవేద్యాలు పెట్టుకుంటారు. గాదెలో నేనూ, ఇమ్మానుయేలు బాబాయీ, దివానూ. పొద్దున మెడపట్టీ రెండు వందల తొంభై అంది. వాడు తిండి సగం తిన్నాడు. సగమైనా తిన్నాడు కదా అని ఐదు యూనిట్లూ వేసేశాను. పడవలు లేవు కనుక ధాన్యం తిరగేసే పని పెట్టుకున్నాం.

మధ్యాహ్నం భోజనం చేసి లేచేసరికి దివాను బస్తాల వెనక నుంచి వస్తున్నాడు. కల్లు తాగినవాడిలా ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు. కాటా దాకా వచ్చి పక్కకు ఒరిగి పడిపోయాడు. కళ్ళు ఇంతింత చేసుకుని ఎటో చూస్తున్నాడు. దవడ టకటకా కొట్టుకుంటోంది. పరిగెత్తుకెళ్ళి మెడపట్టీ మీట నొక్కాను.

"ముప్పై ఆరు," అంది ఆ గొంతు, రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుందన్నట్టు.

స్తంభానికి కట్టిన సీసా లాగితే తాడు రాలేదు. పళ్ళతో తెంపాను. బాబాయి గోనెపట్టాలో వాడిని చుట్టి తల నిలబెట్టి పట్టుకున్నాడు. నేను వేలితో పాకం తీసి చిగుళ్ళకు రాశాను. వాడి పళ్ళు నా వేలిలో దిగాయి. దిగనీ అనుకున్నాను, కరిచే బలం ఉందంటే ప్రాణం ఉన్నట్టే. రాశాను, మళ్ళీ రాశాను. "ఒరే దివానూ, నా తండ్రీ, మింగరా" అని ఏడుస్తూనే రాశాను. చేతులు మాత్రం ఆగలేదు. ఈ విషయంలో నన్ను నేను మెచ్చుకుంటున్నాను.

కాసేపటికి కళ్ళు నా వైపు తిరిగాయి. మళ్ళీ నొక్కితే డెబ్భై ఒకటి. చేప పెడితే రెండు ముక్కలు తిన్నాడు. ఇద్దరం హమ్మయ్య అనుకున్నామో లేదో మళ్ళీ మెడ వాల్చేశాడు. నలభై నాలుగు. పొద్దుటి సూది ఇంకా లోపల పనిచేస్తూనే ఉంది. పాకం, చేప, పాకం, చేప. బాబాయి ఒక చేత్తో వాడిని పట్టుకుని, ఇంకో చేత్తో రేడియో తిప్పి జుబేదా గారిని పట్టుకున్నాడు.

"ఈ పూట సూది వద్దు, రేపు పొద్దున కూడా వద్దు. మీరు చేస్తున్నది సరిగ్గానే చేస్తున్నారు, ఆపకండి," అన్నారావిడ. తరువాత అడిగారు. "నిన్నటిదాకా ఇదే ఐదు యూనిట్లకు రెండు వందల తొంభైకి దిగనివాడు ఇవాళ పడిపోయాడంటే ఏదో మారింది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి?"

"ఏమీ లేదు," అన్నాను.

"పడవల్లేవండి," అన్నాడు ఇమ్మానుయేలు బాబాయి.

అనేసి తల దించుకున్నాడు. ఆయన దించుకున్న తల చూడగానే నాకు అర్థమైపోయింది.

"ఎవరు?" అన్నాను.

"నూకయ్యమ్మా. దిగువ రేవు మెట్ల కాడ పొద్దుటే ఒక్క ముద్ద ఎట్టి వత్తన్నాడు. నేను సూసేను. ఒక్క ముద్దేగదా, ఆడి నమ్మకం ఆడిదిలే అని ఊరుకున్నాను. నీతో సెప్తే ఆడిని నీళ్ళలోకి తోసేత్తావని..."

ఒక్క ముద్దకు ఐదు యూనిట్లు ఖర్చు కావని నాకు కూడా తెలుసు. జుబేదా గారు నెమ్మదిగా చెప్పారు. ముద్దలకు పెరిగిన షుగరుకు మనం మోతాదు పెంచుతూ వచ్చాం, ఇవాళ ముద్దలు రాలేదు, మోతాదు మాత్రం వచ్చింది. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదైనా అనేదాన్ని. గదిలో పెట్టి చూడమని ఆవిడ చెప్పినప్పుడు పెట్టి ఉంటే రెండు రోజుల్లో తేలిపోయేది. సూది వేసింది నా చెయ్యి. వాడిని చంపినంత పని చేశాను.

పొద్దుగుంకే వేళకు నూట ఇరవై దగ్గర నిలిచాడు. లేచి, ఒళ్ళు విరుచుకుని, నా వైపు వీపు పెట్టి కూర్చుని, జిగురైన మూతి శుభ్రం చేసుకుంటున్నాడు.

ఆశ్లేష కార్తె, పడవలు తిరిగి వచ్చిన రోజు

నూకయ్య పడవ ముందు వచ్చింది. నేను దిగువ రేవులో మెట్ల మీద కూర్చుని ఉన్నాను, ఒళ్ళో దివాను, వేలికి కట్టు. నన్ను చూసి నూకయ్య చేతిలోది వెనక్కి దాచుకున్నాడు.

"చూపించు," అన్నాను.

అరటాకులో పాలన్నం ముద్ద. బొటనవేలంత అని వాడు తరువాత గంగమ్మ మీద ఒట్టేసి చెప్పాడు. ఆ బొటనవేలు ఏనుగుదై ఉండాలి. నేను అరవలేదు. జరిగినదంతా మొదటి నుంచి చెప్పాను. ముప్పై ఆరు అన్న చోట నూకయ్య అరటాకు మడిచేసి మెట్టు మీద కూర్చున్నాడు.

ఈలోగా మిగతా పడవలు వచ్చి చేరాయి. ఒక్కొక్కరినే అడిగాను. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. చివరకు ఒకరు నోరు విప్పితే, మా ఒక్క పడవే అనుకున్నామండి అన్నారు. పక్క పడవ వాళ్ళు వాళ్ళ వంక తెల్లబోయి చూసి, మేమూ అలాగే అనుకున్నాం అన్నారు. ఏ పడవకు ఆ పడవ, మిగతా వాళ్ళంతా కాపరి మాట విని మానేశారు, మన ఒక్క ముద్దకు ఏమవుతుందిలే అనుకుంది. తిలా పాపం తలా పిడికెడంటే ఇదే. పాపం వాళ్ళది, పిడికెళ్ళన్నీ వాడి కడుపులో.

అప్పుడు అరిచాను. బాగా అరిచాను. రేవులో కొంగలు లేచిపోయాయి. అరుపంతా అయ్యాక నూకయ్య లేచి నిలబడ్డాడు.

"తిట్టక్కా, తిట్టు. పడతాను. కానీ ఒక్క మాట ఇను. మా అయ్య ఒక్కనాడు బిచ్చం మర్సిపోయేడు. ఆ సాయంత్రమే పడవ తిరగబడింది. ఆయన శవాన్ని ఒడ్డుకి సేర్సింది నేనే, నాకప్పటికింకా మీసం రాలేదు. ఇంక బిచ్చమెట్టకుండా పడవెలా కట్టమంటావు? నువ్వొద్దన్నావు, ఆ తల్లి ఎట్టమంటాది. నేనెవరి మాటినాలి?"

దాన్ని పిచ్చి నమ్మకం అనే హక్కు నాకు లేదు. పొద్దున మెడపట్టీ పలికేదాకా కాఫీ తాగని మనిషిని నేను. భయం ఎలా ఉంటుందో నాకూ తెలుసు.

"సరే," అన్నాను. "బిచ్చం పెట్టండి. నేను తూచిన చేపే మీ చేతులతో పెట్టండి."

"నీ చేప నేనెడితే అది నా బిచ్చమెలాగవుద్దక్కా? మన గంజి మనం ఎడితేనే బిచ్చం."

అదీ నిజమే. మళ్ళీ వాదన మొదలైంది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా వాదించుకుని ఒక దారికి వచ్చాం. చేప వాళ్ళదే. అన్నం లేదు, పాలు లేవు, రొయ్యల పొడి లేదు, ఉప్పు లేకుండా ఉడికించిన వట్టి చేప. ఇమ్మానుయేలు బాబాయి కాటా మీద తూస్తాడు. తెల్లవారగానే వచ్చే మొదటి పడవా, సాయంత్రం ఆఖరి పడవా పెద్ద ముక్క పెడతాయి, వాళ్ళు పెట్టాకే నేను సూది వేస్తాను. మధ్య పడవలు గోరంత పీలిక పెట్టి బస్తాలు దించుకుంటాయి. అన్నీ కలిపితే వాడి రోజు తిండికి సరిపోవాలి, ఒక్క పిసరు ఎక్కువ కాకూడదు.

"మరి నువ్వేటెడతావక్కా?" అన్నాడు నూకయ్య.

అంతవరకు నేను ఆ సంగతి ఆలోచించలేదు.

"నేనేమీ పెట్టను," అన్నాను. "నాది సూది ఒక్కటే."

ఆ మాట చెప్పడం పాకం రాయడం కన్నా కష్టమైంది. దివాను పుట్టి కళ్ళు తెరిచిన దగ్గర నుంచి వాడి గిన్నె నాది.

మఖ కార్తె

ఒక యూనిట్ దగ్గర మళ్ళీ మొదలుపెట్టాం. జుబేదా గారు తొందరపడలేదు, ఈసారి నేను కూడా పడలేదు. మోతాదు ఒకటిన్నర అయింది. మెడపట్టీ రెండు వందల నలభై అంది, రెండు వందల పది అంది, మొన్న నూట ఎనభై అంది. మఖ ఉరిమితే మదురు మీద కర్రయినా పండుతుందంటారు. ఉరిమింది. దివాను గారి వీపు కూడా పండుతోంది, ఎముకలు చేతికి గుచ్చుకోవడం తగ్గింది. నిన్న ఎలుకను పట్టి తెచ్చి నా చెప్పు మీద పెట్టాడు. జబ్బులో కూడా పని ఎగ్గొట్టని ఉద్యోగి.

తినిపించే పని లేని పొద్దులు మొదట్లో చాలా బరువుగా గడిచాయి. అలవాటు చొప్పున గిన్నె కడిగి, చేతిలో పట్టుకుని నిలబడేదాన్ని. సరంగులు ఒకరి మీద ఒకరు కాపలా కాస్తున్నారు. ఎవరి ముక్క గోరు దాటినా పక్క పడవ వాళ్ళే పట్టుకుంటున్నారు. సంఖ్య పలికే వేళకు రేవంతా చెవులు రిక్కించి వింటోంది. ఇదివరకు ఆ గొంతు నా ఒక్కదాని నెత్తిన పడేది, ఇప్పుడు అందరి మీదా పడుతోంది కనుక నా వాటా తేలికైంది. కాఫీ గొంతు దిగుతోంది. బాబాయి మళ్ళీ గారెలడిగాడు, వండాను.

పుబ్బ కార్తె

రాత్రి నుంచి ఈదురుగాలి. ఒడ్డు రేడియో ఏ పడవా కదలవద్దని హెచ్చరిక చెప్పింది. గాదె కట్టిన గొలుసులు కిర్రుమంటున్నాయి. నేనేమీ కంగారు పడలేదు. ఇలాంటి పొద్దు వస్తుందని తెలిసే నిన్న సాయంత్రం ఒక చేప అట్టేపెట్టాను. లేచి దాన్ని ఉప్పు లేకుండా ఉడికించాను, తూచాను, గిన్నెలో వేశాను. చాలా రోజుల తరువాత వాడికి నా చేత్తో పెట్టబోతున్నాను. రాయడానికి సిగ్గేమీ లేదు, గాలిని తిట్టుకోవలసింది పోయి లోలోపల మెచ్చుకున్నాను.

"నూట అరవై రెండు," అంది మెడపట్టీ. దివాను గిన్నె దగ్గరకు వచ్చి తోక ఎత్తాడు.

అప్పుడు బాబాయి పైనుంచి కేకేశాడు. గాదె కప్పు అంచు పట్టుకుని బయటికి తొంగిచూస్తే, అల మీదికెక్కుతూ అల కింద మాయమవుతూ ఒక పడవ వస్తోంది. నూకయ్యది. తాడు విసిరితే మూడోసారికి అందింది. మెట్లెక్కేసరికి నిలువునా తడిసి, పళ్ళు కొట్టుకుంటున్నాయి. పడవలోకి చూశాను. ఒక్క బస్తా లేదు.

"సరుకేదయ్యా? ఈ గాలిలో చావడానికి వచ్చావా?"

"సరుకెక్కడిదక్కా?" అని చొక్కా లోపల చెయ్యి పెట్టి అరటాకు పొట్లం తీశాడు. పొట్టకు కట్టుకుని తెచ్చినట్టున్నాడు, అది మాత్రం తడవలేదు. "ఏ పడవా రాకపోతే దివానుగోరికి బిచ్చమెవరేత్తారు? పస్తు కడుపున నువ్వు సూదెయ్యవుగదా. సూదెయ్యకపోతే మళ్ళీ పెరిగిపోద్దిగదా."

పొట్లం విప్పాడు. కాటా దగ్గరకు వెళ్ళి, ముక్క తూకానికి సరిపోతుందో లేదోనని తనే వంగి చూసుకుంటున్నాడు. దివాను ఇద్దరి వంకా చూశాడు.

నేను గిన్నె మీద మూత పెట్టి, కాలితో బల్ల కిందికి తోసేశాను.

"ఇంకా ఏమీ తినలేదయ్యా," అన్నాను. "నీకోసమే చూస్తున్నాడు."